హెలికాప్టర్ పైలట్ శౌర్య పతకం వెనుక కథను ఎలా చదవాలి

ఆగస్టు 15 ఉపన్యాసాలకు సాయం చేయమని మా కాలనీ పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. నేను వైమానిక దళంలో హెలికాప్టర్ల మెయింటెనెన్స్ పని చేసి రిటైరయ్యాను. అందరూ "ప్రాణాలకు తెగించి పోరాడారు" అనే రాసుకొస్తారు. అంతటితో ఆపితే ఆ మనిషి ఏం చేశాడో వినేవాళ్లకు తెలియదు. అందుకే వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు పతకంతో పాటు ఇచ్చిన ప్రశంసాపత్రం సంపాదించండి. మన రక్షణ శాఖ శౌర్య పురస్కారాల వెబ్‌సైట్‌లో వెతకండి. పెన్సిల్ పట్టుకుని చదవండి.

మొదట చూడాల్సింది హెలికాప్టర్ ఎక్కడ దిగిందన్నది. దిగాలంటే వేగం తగ్గించాలి, నేలకు దగ్గరగా రావాలి. జవాన్లు దిగేదాకా, గాయపడినవాళ్లను ఎక్కించేదాకా పైలట్ కంట్రోల్స్ వదలకూడదు. తుపాకులకు అంతకన్నా తేలికైన గురి ఉండదు. హెలికాప్టర్ పైరేకుతో పనిచేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, మామూలు రైఫిల్ తూటా కూడా దాన్ని చీల్చుకుపోతుంది. అందుకే "దిగుతుండగా కాల్పులు తగిలాయి" అన్న మాట కనిపిస్తే దాని కింద గీత గీయండి.

తర్వాత ఎన్నిసార్లు వెళ్లారో లెక్క చూడండి. నా దృష్టిలో అసలు ధైర్యం రెండోసారి వెళ్లడంలో ఉంది. మొదటిసారికి అక్కడేముందో పూర్తిగా తెలియకపోవచ్చు, రెండోసారికి తెలుసు. 1971 యుద్ధంలో మహావీర చక్ర పొందిన గ్రూప్ కెప్టెన్ చందన్ సింగ్ ప్రశంసాపత్రం తీసుకోండి. ఇప్పటి బంగ్లాదేశ్‌లో, ఢాకా వైపు సాగుతున్న మన సైన్యం కోసం సుమారు 3,000 మంది సైనికులను, 40 టన్నుల సామగ్రిని హెలికాప్టర్లలో దించే పని ఆయనది. డిసెంబర్ 7 రాత్రి తన పైలట్లకు దారి చూపడానికి స్వయంగా 8 సార్లు శత్రువు ప్రాంతంలోకి వెళ్లారు. ఇలాంటి ప్రయాణాలు 18 చేశారని ప్రశంసాపత్రం చెబుతుంది. నేల మీది నుంచి జరిపిన కాల్పులు ఆయన హెలికాప్టర్‌కు ఎన్నోసార్లు తగిలాయి, అయినా ఆపలేదు. స్టేషన్ కమాండర్, అంటే ఒక వైమానిక స్థావరానికే అధిపతి హోదాలో ఉన్న మనిషి ఆయన! ఈ లెక్కలు చెబితే చాలు, విశేషణాలు అక్కర్లేదు.

ఇక, వెళ్లక తప్పని పనా, తనంతట తాను వెళ్లాడా అన్నది చూడండి. దీనికి వియత్నాం యుద్ధం నుంచి ఉదాహరణ చెబుతాను. 1965 నవంబర్ 14న ఇయా డ్రాంగ్ లోయలో కాల్పుల తీవ్రతకు హెలికాప్టర్లు దిగే చోటును అమెరికన్ కమాండరే మూసేశాడు. వైద్య హెలికాప్టర్లు రామన్నాయి. అమెరికన్ పైలట్ ఎడ్ ఫ్రీమన్ ఆయుధాలు లేని హెలికాప్టర్‌లో 14 సార్లు వెళ్లి, తీవ్రంగా గాయపడిన దాదాపు 30 మందిని తెచ్చాడు. ఆయన దళ నాయకుడు బ్రూస్ క్రాండాల్ ఆ రోజు 22 సార్లు వెళ్లాడు. క్షతగాత్రులను తేవడం వాళ్ల డ్యూటీ కాదు. అమెరికా అత్యున్నత సైనిక శౌర్య పతకం మెడల్ ఆఫ్ ఆనర్ ఫ్రీమన్‌కు 2001లో, క్రాండాల్‌కు 2007లో దక్కాయి. తేదీలు కూడా రాసుకోండి, గుర్తింపు ఎంత ఆలస్యమైందో వినేవాళ్లకు తెలియాలి.

చివరిగా సిబ్బంది పేర్లు. పైలట్ ఒక్కడి పేరే చెప్పి వదిలేయడం నాకు బాధగా ఉంటుంది. 1999 మే 28న కార్గిల్‌లో తోలోలింగ్ దగ్గర క్షిపణి తగిలి మన ఎంఐ-17 హెలికాప్టర్ కూలిపోయింది. స్క్వాడ్రన్ లీడర్ రాజీవ్ పుండీర్, ఫ్లైట్ లెఫ్టినెంట్ ముహిలన్‌లతో పాటు సార్జెంట్లు పి.వి.ఎన్.ఆర్. ప్రసాద్, ఆర్.కె. సాహు కూడా అమరులయ్యారు. మీ ఉపన్యాసంలో నాలుగు పేర్లూ హోదాలతో సహా చదవండి. పలకడం ముందురోజే ప్రాక్టీస్ చేసుకోండి.