నీళ్లు లేని మరుగుదొడ్డికి పర్మిషన్: నేను తిరిగిన దారి

నీళ్లు పోయకుండా, మలాన్ని కింది గదిలోనే ఎరువుగా మార్చే మరుగుదొడ్డి కట్టడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. దానికి అనుమతి కాయితం చేతికి రావడానికి ఏడు నెలలు. ఆ ఏడు నెలల్లో సగం నా స్వయంకృతమే. ముందు కట్టేసి తర్వాత అర్జీ పెట్టాను. కట్టేసినదాన్ని చూసిన అధికారికి మన ఆలోచన కనపడదు, మనం అడక్కుండా కట్టామన్నదే కనపడుతుంది. కాబట్టి సిమెంటు బస్తా విప్పకముందే ఆఫీసుకి వెళ్లండి.

మొదటిసారి వెళ్లినప్పుడు అర్జీ ఇవ్వొద్దు. ఊరికే కూర్చుని రెండు సంగతులు అడగండి. ఒకటి, ఇది ఎవరి బల్ల మీదికి వస్తుంది? ఇళ్ల ప్లాన్లు చూసేవాళ్లదా, ఆరోగ్య శాఖదా, ఇద్దరిదీనా? నా విషయంలో ఇద్దరిదీ, ఆ ముక్క నాకు మూడో నెలలో తెలిసింది. రెండోది, నిబంధనల్లో లేని పద్ధతిని ఏ క్లాజు కింద ఒప్పుకుంటారు? చాలా బిల్డింగ్ కోడ్లలో అలాంటి క్లాజు ఒకటి ఉంటుంది. నిర్దేశించిన పద్ధతితో సమానంగా పనిచేస్తుందని చూపిస్తే వేరే పద్ధతికీ అనుమతి ఇవ్వొచ్చని. ఇంటర్నేషనల్ బిల్డింగ్ కోడ్ 2021 ప్రతిలో అది 104.11, 2024 ప్రతిలో 104.2.3. మీకు వర్తించే కోడ్‌లో దాని నంబరు వెతికి అర్జీ మొదటి వాక్యంలోనే పెట్టండి. సంతకం పెట్టేవాడికి కావాల్సింది మన పర్యావరణ ఉపన్యాసం కాదు, తన సంతకానికి ఒక ఆధారం.

కంపెనీ సరుకు కొనుక్కున్నవాళ్లకి ఎన్‌ఎస్‌ఎఫ్ 41 (కంపోస్టు మరుగుదొడ్లకి అమెరికా ప్రమాణం) లాంటి ధ్రువీకరణ ముద్ర ఉంటుంది, దాన్ని చూపించి బయటపడతారు. మన చేత్తో కట్టుకున్నదానికి ఆ ముద్ర రాదు. ఆ లోటుని బొమ్మలతో, లెక్కలతో పూడ్చాలి.

ఇక ఫారం. "సెప్టిక్ ట్యాంకు సైజు" అన్న గడిలో నేను నిజాయితీగా "లేదు" అని రాశాను. ఫైలు వారంలో తిరిగొచ్చింది. "లేదు" అంటే కట్టాల్సింది కట్టలేదని గుమస్తా అర్థం చేసుకున్నాడు, ఆయన్ని అనడానికేం లేదు. రెండోసారి అదే గడిలో "వర్తించదు, జతచేసిన 3వ పేజీ చూడగలరు" అని రాశాను. ఫైలు పై బల్లకి వెళ్లింది. ఇంకో మాట: అర్జీలో "పొడి దొడ్డి" అనకండి. ఆ మాట వినగానే ఎవరో మనిషి చేత్తో ఎత్తిపోసే పాతకాలపు దొడ్డి గుర్తొస్తుంది, ఆ అనుమానం న్యాయమైనదే. "మూత్రం వేరుచేసే, రెండు గదుల కంపోస్టు మరుగుదొడ్డి" అని పూర్తిపేరు రాయండి.

ఆ 3వ పేజీయే అసలు పని. దాని మీద నేను రెండు ఆదివారాలు కూర్చున్నాను. మనిషి ఏడాదికి సుమారు 500 లీటర్ల మూత్రం, 50 లీటర్ల మలం విసర్జిస్తాడు. మేం నలుగురం. అంటే మలం 200 లీటర్లు. ప్రతిసారీ పైన చల్లే రంపపు పొట్టు దానికి రెండింతలు వేసుకున్నా 600. నా గది ఒక్కోటి లోపల మీటరు పొడవు, మీటరు వెడల్పు, 90 సెంటీమీటర్ల లోతు, అంటే 900 లీటర్లు. ఏడాది ఒకటి వాడతాం, అది మూసేసి రెండోది తెరుస్తాం. మూత్రం రోజుకి ఐదున్నర లీటర్లు, 20 లీటర్ల క్యాను నాలుగో రోజుకి నిండుతుంది. ఈ అంకెలు బొమ్మ పక్కనే రాశాను. ఆరోగ్య శాఖాయన పెన్నుతో ఒక్కో అంకె కిందా గీత గీసుకుంటూ చదివి, మొదటిసారి తలెత్తి నా మొహం చూశాడు.

చూసి అడిగిన ప్రశ్న: "కడుక్కున్న నీళ్లు ఎక్కడికి పోతాయి?"

నా దగ్గర జవాబు లేదు. కాయితంతో తుడుచుకునేవాళ్ల కోసం గీసిన బొమ్మల్ని చూసి కట్టానాయె. ఆ నీళ్లు గదిలోకి పోతే లోపలంతా బురదై, గాలాడక కుళ్లుకంపు కొడుతుంది. మూత్రం క్యానులోకి పోనిస్తే మలంలోని క్రిములు అందులోకి చేరతాయి. అందుకని మూడో రంధ్రం కావాలి. కూర్చునేచోటి సిమెంటు పళ్లెం పగలగొట్టి మళ్లీ పోశాను. ఆ రంధ్రం నుంచి పైపు నేల అడుగున, కంకర నింపిన చిన్న ఇంకుడు మడిలోకి వెళ్తుంది. నీళ్లు ఎక్కడా పైకి తేలవు. బావికి ఎంత దూరం ఉండాలో మీ నిబంధనల్లో చూసి, ఆ దూరాన్ని టేపుతో కొలిచి బొమ్మలో రాయండి. కళ్లంచనా పనికిరాదు.

తర్వాత క్రిముల సంగతి. వీటిలో మొండిఘటం ఏలికపాము గుడ్డు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 మార్గదర్శకాల్లో నిల్వ కాలం స్పష్టంగా ఉంది: వాతావరణం 20 నుంచి 35 డిగ్రీలుంటే ఏడాదికి పైగా, 2 నుంచి 20 డిగ్రీలుంటే ఏడాదిన్నర నుంచి రెండేళ్లు. ఆ పేజీ జతచేయండి. "కంపోస్టు వేడికే అన్నీ చస్తాయి" అని మాత్రం రాయకండి. ఇంటి గదిలో పడే కొద్దిపాటి సరుకు అంత వేడెక్కదు. తెలిసిన అధికారైతే అక్కడే పట్టుకుంటాడు. వేడిని నమ్మడం లేదు, కాలాన్ని నమ్ముతున్నాం అని రాయండి.

తనిఖీ రోజుకి రెండు సిద్ధం చేసుకున్నాను. ముందురోజు ఖాళీ గదిలో నీళ్లు నింపి, మట్టం దగ్గర సుద్దముక్కతో గీత గీసి తేదీ, టైము రాశాను. 24 గంటల తర్వాత నీళ్లు గీత దగ్గరే ఉన్నాయి. గది కారదని నోటితో చెప్పనక్కర్లేకపోయింది. ఇక వాసన. గాలిగొట్టం 110 మిల్లీమీటర్లది, కప్పు కన్నా అరమీటరు పైకి లేపి, నల్లరంగు వేసి, కొనకి ఈగల జాలీ బిగించాను. ఇన్‌స్పెక్టరు వంగబోతుంటే ఆపి, అగరువత్తి వెలిగించి మలం పడే రంధ్రం మీద పట్టుకున్నాను. పొగ పైకి లేవకుండా వంగి లోపలికి పోయింది. ఆయన వత్తి నా చేతిలోంచి తీసుకుని మూలల్లో కూడా పెట్టి చూశాడు. వెలుపలి తలుపుకి తాళం, తాజా మలాన్ని ఎవరూ ముట్టే అవసరం లేకుండా మూసిన గది, ఈ రెండూ ఆయనే నోట్ చేసుకున్నాడు.

వచ్చింది షరతులతో కూడిన అనుమతి, ఒక ఏడాదికి. గది మూసిన తేదీ, తెరిచిన తేదీ, లోపలిది ఎవరు తీశారు, ఎక్కడ పాతిపెట్టారు అన్నది పుస్తకంలో రాయాలి. భవిష్యత్తులో మురుగు లైనుకి కలపడానికి చోటు వదలాలి. రెండూ ఒప్పేసుకున్నాను, మీరూ ఒప్పుకోండి, అక్కడ వాదన పెట్టుకుంటే ఫైలు మళ్లీ మొదటి బల్లకొస్తుంది. పుస్తకం తలుపు లోపలి మేకుకి దారంతో వేలాడుతోంది, పెన్సిలు కూడా కట్టే ఉంది. పెన్ను అయితే ఎవరో ఒకరు పట్టుకుపోతున్నారు. రెన్యువల్ తేదీ కాయితం అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. దానికి నెల ముందే వెళ్లాలి, గడువు దాటితే కొత్త అర్జీ కిందే లెక్క.