ఒంటరి తేనెటీగలకు ఏ పువ్వు పుప్పొడి ఇష్టమో కనిపెట్టడం ఎలా?

తేనెటీగ అనగానే మనకు తేనెపట్టు గుర్తొస్తుంది. కానీ పట్టు పెట్టని తేనెటీగలు కూడా మన పెరట్లో చాలా తిరుగుతుంటాయి. నల్లగా నిగనిగలాడే తుమ్మెద, గులాబీ ఆకును గుండ్రంగా కత్తిరించుకుపోయే ఆకుకోత ఈగ, పొట్ట మీద నీలి చారలుండే ఈగ ఇలాంటివే. వీటిలో చాలా రకాల్లో రాణి, కూలీలు అంటూ ఉండరు. ఒక్క ఆడ ఈగే గూడు సిద్ధం చేసి, పుప్పొడి ముద్ద పెట్టి, దాని మీద గుడ్డు పెట్టి ఆ గది మూసేస్తుంది. పిల్ల ఎదిగేదాకా ఆ ముద్దే తిండి. అందుకే తల్లి ఏ పువ్వును ఎంచుకుంటుందన్నది అంత ముఖ్యం.

శివరాత్రి నుంచి ఉగాది దాకా గమనించడానికి మంచి కాలం. మునగ, వంగ, టమాటా, పూతకు వదిలేసిన కొత్తిమీర, ఆవ మొక్కలు ఉంటే చాలు. ఎండ కాస్త ఎక్కాక ఒక్కో మొక్క దగ్గర పది నిమిషాలు కదలకుండా కూర్చోండి.

ముందు తేల్చుకోవాల్సింది, ఈగ వచ్చింది తేనె కోసమా, పుప్పొడి కోసమా అన్నది. మొదట్లో నేను పువ్వు మీద వాలిన ప్రతి ఈగనూ పుప్పొడి లెక్కలో రాసేశాను. అది తప్పు. మునగ పువ్వులో తుమ్మెద నాలుక లోపలికి చాచి తేనె తాగుతుంటే, పుప్పొడి దాని ఒంటికి ఊరికే అంటుకుంటుంది. వంగ పువ్వు సంగతి వేరు. అందులో తేనె ఉండదు, పుప్పొడి కూడా కేసరాల కొసన ఉన్న చిన్న రంధ్రాల్లోంచే రాలాలి. నీలి చారల ఈగ ఆ కేసరాలను గట్టిగా పట్టుకుని ఒళ్ళంతా వణికిస్తుంది. ఎగిరేటప్పటి ఝంకారం ఒక్కసారిగా సన్నగా, పదునుగా మారి 'జుయ్' మని వినిపిస్తుంది. ఆ శబ్దం మొదటిసారి విన్నరోజు నేను ఆ మడి దగ్గరే గంటసేపు కూర్చుండిపోయాను. పట్టు పెట్టే తేనెటీగలకు ఈ విద్య రాదు.

తర్వాత పుప్పొడి ఒంటి మీద ఎక్కడుందో చూడండి. ఆకుకోత ఈగ పొట్ట అడుగున మోస్తుంది, అక్కడ పసుపు అద్దినట్టు కనిపిస్తుంది. తుమ్మెద, నీలి చారల ఈగ వెనక కాళ్ళ వెంట్రుకల్లో పొడిపొడిగా మోస్తాయి. కాళ్ళకు తడి ఉండల్లా ఉంటే అది పట్టు తేనెటీగ.

ఏ పువ్వుదో పోల్చుకోవడానికి, ప్రతి పువ్వు కేసరాలకూ పారదర్శక టేపు తాకించి తెల్ల అట్ట మీద అతికించి పేరు, తేదీ రాయండి. పసుపు పుప్పొడి చాలా పూలకు ఉంటుంది కాబట్టి రంగు ఒక్కదాన్నే నమ్మొద్దు. మైక్రోస్కోప్ దొరికితే మరీ మంచిది. గుమ్మడి పుప్పొడి గింజ పెద్దది, చుట్టూ ముళ్ళతో ఇట్టే తెలిసిపోతుంది.

ఇప్పుడు అసలు లెక్క. ఎక్కువ సార్లు వాలినంత మాత్రాన ఇష్టం అనుకోకూడదు, పూలను కూడా లెక్కపెట్టాలి. ఒకే రకం ఈగలు పుప్పొడి కోసం 200 ఆవ పూల మీద 12 సార్లు, 10 వంగ పూల మీద 6 సార్లు వాలాయనుకుందాం. పువ్వుకు ఇన్నిసార్లని చూస్తే ఆవకు 0.06, వంగకు 0.6. అంటే వంగ వైపు మొగ్గు పదింతలు. ఒక్కరోజు లెక్కతో ఆగకండి. వారానికి రెండుసార్లైనా రాస్తే, ఒక పూత అయిపోగానే ఈగ ఎటు మళ్ళిందో కూడా దొరుకుతుంది.

ఈగల్ని పట్టుకోనక్కర్లేదు, చంపనక్కర్లేదు. ఎండు వెదురు బొంగుకు గుండ్రటి కన్నం, కింద సన్నటి పొట్టు కనిపిస్తే అది తుమ్మెద గూడు, దాన్ని పొయ్యిలో పెట్టేయకండి. పూత మీద మందు కొట్టక తప్పకపోతే పొద్దుగూకి, ఈగలన్నీ వెళ్ళిపోయాకే కొట్టండి.