గుండె పగిలిన ఆండీస్ పాట ఎలా వినాలంటే

ముందు లిరిక్స్ అర్థం వెతకడం ఆపండి. మొదటిసారి చారంగో మీదే చెవి పెట్టండి. చంటిపిల్లలా ఒళ్లో ఒదిగిపోయే చిన్న వాద్యం, ఐదు జతలుగా పది తీగలు, పాతరోజుల్లో దాని వీపు ఆర్మడిల్లో అనే జంతువు పెంకుతో చేసేవాళ్లు.

ఆండీస్ అంటే దక్షిణ అమెరికా కొండలు. వాటిలో పెరూ వైపు విరహం పాడాలంటే యరవి అనే పాటల రకం ఉంది, వైనో అనే రకం ఉంది. యరవి బాగా నెమ్మది. పెరూలోని అరెకిపా ఊరి కవి మరియానో మెల్గార్ తనకు దక్కని అమ్మాయిని సిల్వియా అని పిలుస్తూ ఇలాంటివే రాశాడు, తర్వాత స్పెయిన్ మీద తిరుగుబాటులో చేరితే 1815లో పట్టుకుని కాల్చి చంపేశారు, అప్పటికి అతనికి 24 ఏళ్లే.

కొత్తవాళ్లు మాత్రం వైనోతో మొదలుపెడితే మేలు. మోకాలి మీద ఒక పొడుగు దెబ్బ, రెండు పొట్టి దెబ్బలు వేస్తూ వినండి: తాం తక, తాం తక. రాగం ఎక్కువగా ఐదు స్వరాల మీదే తిరుగుతుంది, దిగులుగా వినిపించే మైనర్ స్వరాల్లో ఏడుస్తూ ఏడుస్తూ మధ్యలో కాస్త వెలుగున్న మేజర్‌లోకి జారుతుంది, ఆ జారే చోటు పట్టుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. పెరూలోనే అయకుచో వైపు పాటల్లో చివర ఫుగ అనే ముక్క వస్తుంది, వేగం పెరిగి అంతసేపూ కుమిలిన పాట కాస్తా అడుగులేయిస్తుంది. ఏడుపు పాటకి డాన్సేంటని అక్కడే ఆపేస్తారు చాలామంది. ఆపొద్దు, అసలు పాట అక్కడే ఉంది.

ఇప్పుడు మాటలు. ఆ కొండల భాష కెచువాలో ఉర్పి అంటే పావురం, సోంకో అంటే గుండె. 'ఉర్పిల్యాయ్' అని వినిపిస్తే 'నా చిట్టి పావురమా' అని ఎవరినో బతిమాలుతున్నారన్నమాట. ఈ మూడు ముక్కలు చెవికి తగిలితే చాలు, మిగతాది గొంతే చెప్పేస్తుంది.

వెతికేటప్పుడు వైనోకి స్పెల్లింగ్ హెచ్, యూ, ఏ, వై, ఎన్, ఓ. సముద్రం హోరు కలిపిన రిలాక్సేషన్ ఆల్బమ్‌లు వస్తాయి, దాటేయండి.

అలవాటు పడ్డాక లంబాడా అనే పాట గుర్తు తెచ్చుకోండి. 1989లో ప్రపంచమంతా నడుములు ఊపిన ఆ ట్యూన్, బొలీవియా బృందం లోస్ క్యార్కాస్ 1981లో చేసిన పాటది. అడగకుండా వాడేసుకున్నారని వాళ్లు కేసు వేయాల్సి వచ్చింది. వాళ్ల ఆ పాత పాట పేరుకి అర్థం 'ఏడుస్తూ వెళ్లిపోయింది'. ఒకసారి రెండూ వెంటవెంటనే పెట్టుకుని వినండి, పాతది ముందు.