చేత్తో వేసిన బొమ్మలకి ఫోటోలు తీయడం నేర్చుకుందాం – 3వ పాఠం: ఏ కెమెరా కొనాలి?

పోయిన పాఠంలో లైటు సంగతి చూశాం కదా, బొమ్మకి రెండు పక్కలా 45 డిగ్రీల్లో ఒకే రకం బల్బులు, ఫ్లాష్ బంద్. అది కుదిరాకే ఇందులోకి రండి, లైటు సరిగ్గా లేకపోతే ఎంత ఖరీదు కెమెరా అయినా ఏమీ చెయ్యలేదు.

షాపుకెళ్తే ముందు మెగాపిక్సెల్స్ గురించే చెప్తారు. మనకి ఎన్ని కావాలో మనమే లెక్కేసుకుందాం. 24 మెగాపిక్సెల్ అంటే అడ్డంగా 6000, నిలువుగా 4000 చుక్కలు, మంచి ప్రింటుకి అంగుళానికి 300 చుక్కలు అనుకుంటే 20 అంగుళాల వెడల్పు, 13 అంగుళాల ఎత్తు ప్రింటు వస్తుంది. క్యాలెండర్‌కైనా పుస్తకానికైనా ఇది చాలు. చేర్యాల పటం (గుడ్డ మీద కథ గీసిన పొడవాటి చుట్ట) లాంటి బారెడు బొమ్మైతే ముక్కలుగా తీసి కలపాల్సిందే, అది 6వ పాఠంలో చెప్తా.

అసలు చూడాల్సింది రా ఫైల్ (కెమెరాలో వెలుతురు పట్టే చిప్, అంటే సెన్సార్, చూసినదాన్ని మార్చకుండా దాచే ఫైల్) ఇస్తుందా లేదా అని. నేను మొదట్లో ఒక చేర్యాల బొమ్మని ఫోన్‌తో మామూలు జేపెగ్‌లో (కుదించి దాచే ఫోటో ఫైల్) తీశా, బొమ్మ వేసినాయన స్క్రీన్ మీద చూసి "ఇది నా ఎరుపు కాదు" అన్నాడు, ఆ మాట ఇప్పటికీ మనసులో ఉంది. చేర్యాల బొమ్మలో వెనకంతా ఎరుపే కదా, ఎరుపు ఛానెల్ (ఫోటోలో ఎరుపు పాళ్ళని దాచే భాగం) ఒక్కటే నిండిపోయి కుంచె జాడలన్నీ ఒకే ముద్దలా అయిపోయాయి, మిగతా రంగులు బాగానే ఉన్నట్టు కనిపించేసరికి నేను గమనించలేదు. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే, 14 బిట్ రా ఫైల్‌లో 16,384, అందుకే రంగుని తర్వాత సరిదిద్దుకోడానికి చోటు ఉంటుంది (పూర్తిగా నిండిపోయిన ఎరుపుని మాత్రం రా కూడా వెనక్కి తేలేదు). కాబట్టి హిస్టోగ్రామ్‌ని (ఫోటోలో చీకటి నుంచి వెలుగు దాకా ఎంతెంత ఉందో చూపే గ్రాఫ్) ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపించే కెమెరానే తీసుకోండి.

ఇక లెన్స్. నా మాట వినండి, బాడీ (లెన్స్ కాకుండా మిగతా కెమెరా) పాతదైనా పర్లేదు, డబ్బులు లెన్స్ మీద పెట్టండి. కెమెరాతో వచ్చే 18-55 ఎంఎం జూమ్ లెన్స్‌ని 18 దగ్గర (బాగా వెడల్పుగా కనిపించేలా) పెట్టి తీస్తే కలంకారీ అంచు గీతలు బయటికి ఉబ్బుతాయి, గంటలు కూర్చుని వేసిన అంచు అలా వంకరపోతే చూడ్డానికి ప్రాణం ఉసూరుమంటుంది. 50 ఎంఎం లెన్స్ బాగుంటుంది. కానీ ముందు గది కొలుచుకోండి, ఏపీఎస్-సీ (సుమారు 24 ఎంఎం వెడల్పున్న) సెన్సార్ కెమెరాలో 50తో మూడడుగుల వెడల్పు బొమ్మ పట్టాలంటే ఆరున్నర అడుగులు వెనక్కి జరగాలి, అంత చోటు లేకపోతే 35 చూసుకోండి, దానికి నాలుగున్నర అడుగులు చాలు. నికాన్ డీ3000, డీ5000 వరస కెమెరాల్లో ఫోకస్ మోటార్ ఉండదు, సొంత మోటార్ లేని పాత డీ రకం 50 లెన్స్ పెడితే చేత్తోనే ఫోకస్ తిప్పుకోవాలి. బొమ్మ ఎటూ కదలదు కాబట్టి మనకి అదేం ఇబ్బంది కాదు, పైగా చవగ్గా దొరుకుతుంది.

గుడ్డ మీద బొమ్మలు తీసేవాళ్ళకి ఇంకోటి. నేతలోని పోగులూ సెన్సార్ గళ్ళూ కలబడితే ఫోటోలో లేని రంగు అలలు కనిపిస్తాయి, దాన్నే మోరే అంటారు. సెన్సార్ ముందు లో-పాస్ ఫిల్టర్ (మరీ సన్నటి గీతల్ని కొంచెం మెత్తబరిచే పలచటి పొర) ఉంటే ఇది తగ్గుతుంది, నికాన్ డీ3200లో ఆ ఫిల్టర్ ఉంది, డీ5300లో లేదు. కొత్తదే మంచిది అనుకుని రెండోది కొనేస్తారు, కలంకారీకైతే నేను డీ3200 వైపే ఉంటా. ఫిల్టర్ లేని కెమెరా ఇప్పటికే మీ దగ్గరుంటే కొంచెం ముందుకో వెనక్కో జరిగి మళ్ళీ తీసి చూడండి.

ఈ వారం పని: సెకండ్ హ్యాండ్ చూడ్డానికి వెళ్ళేటప్పుడు ఒక న్యూస్‌పేపర్, టేపు తీసుకెళ్ళండి. పేపర్‌ని గోడకి బల్లపరుపుగా అంటించి, ఎఫ్/8 (లెన్స్ రంధ్రం సైజు), ఐఎస్ఓ 100 (వెలుతురుకి సెన్సార్ స్పందన), రెండు సెకండ్ల టైమర్ పెట్టి, కెమెరాని బల్ల మీద పెట్టి ఒక ఫోటో తీయండి. నాలుగు మూలల్లో అక్షరాలు మధ్యలో ఉన్నంత స్పష్టంగా ఉన్నాయా, కాలమ్ గీతలు నిటారుగా ఉన్నాయా చూసుకుని, ఆ ఫైల్ దాచుకోండి. వచ్చే పాఠంలో కెమెరాని బొమ్మకి సరిగ్గా ఎదురుగా నిలబెట్టేటప్పుడు దానితోనే మొదలుపెడదాం.