హర్స్ట్ క్యాజిల్ చూడ్డానికి వెళ్తున్నారా? ఇవి గుర్తుపెట్టుకోండి

కాలిఫోర్నియాలో హైవే 1 మీద శాన్ సిమియన్ దగ్గర కొండ మీదున్న పెద్ద భవంతి ఇది. న్యూస్‌పేపర్ల ఓనర్ విలియం రాండాల్ఫ్ హర్స్ట్ 1919లో మొదలుపెట్టి 1947 దాకా కట్టిస్తూనే ఉన్నాడు, డిజైన్ జూలియా మోర్గాన్ అనే ఆర్కిటెక్ట్‌ది. 1958 నుంచి మ్యూజియంగా జనాన్ని లోపలికి రానిస్తున్నారు.

టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసేస్కోండి, సెలవుల్లో అక్కడికెళ్ళాక చూద్దాంలే అనుకుంటే కష్టం. మన కారు పైకి పోనివ్వరు, కింద విజిటర్ సెంటర్‌లో పార్క్ చేసి వాళ్ళ బస్సెక్కాలి, దాదాపు పావుగంట పడుతుంది కాబట్టి టూర్ టైం కంటే కాస్త ముందే చేరుకోండి. కిటికీ పక్కన కూర్చోండి, అదృష్టముంటే జీబ్రాలు కనిపిస్తాయి, ఒకప్పుడు హర్స్ట్ జూలో పెంచినవాటి సంతతే.

ఫస్ట్ టైమైతే గ్రాండ్ రూమ్స్ టూరే బెస్ట్ అని నా అభిప్రాయం. భోజనాల హాల్లో పైన పట్టు జెండాలు వేలాడుతుంటాయి, పొడవాటి టేబుల్ మీద వెండి సామాను, దాని పక్కనే మామూలు కెచప్ సీసా! హర్స్ట్ అతిథులకి అలాగే పెట్టేవాడట, నాకైతే ఆ ఇల్లు మొత్తంలో అదే బాగా నచ్చింది.

మెట్లు చాలా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని తీసుకెళ్తే వాళ్ళకోసం వేరే టూర్ ఉంది, బుకింగ్ అప్పుడే చూసుకోండి. ఫొటోలకి ఫ్లాష్ ఆఫ్ చేయాలి. టూర్ అయిపోగానే బస్సెక్కేయకండి, తోటల్లో తీరిగ్గా తిరగొచ్చు, లోపలున్న రోమన్ పూల్ మాత్రం మిస్సవ్వద్దు, నీలం గాజు పలకల మధ్య బంగారం నీళ్ళల్లో మెరుస్తుంటుంది.