బ్లీచ్‌బిట్‌కు మార్పులు సూచించే పద్ధతి

విండోస్, లినక్స్‌లపై నడిచే ఉచిత క్లీనప్ సాఫ్ట్‌వేర్ బ్లీచ్‌బిట్‌లో మార్పు కోరే ముందు, తాజా వెర్షన్‌ను ఇన్‌స్టాల్ చేసుకుని, అదే సూచన గిట్‌హబ్‌లో (దాని కోడ్, సూచనలు ఉండే వెబ్‌సైట్‌లో) ఇదివరకే నమోదై ఉందేమో వెతకండి. మెనూలోని సిస్టమ్ సమాచారాన్ని కాపీ చేసి జతపరచండి. అయితే అందులోని ఫోల్డర్ల చిరునామాలలో మీ యూజర్ పేరు కనిపించవచ్చు కనుక దానిని ముందే తీసివేయడం మంచిది.

ఒక్కో అభ్యర్థనలో ఒక్క సూచనే ఉండాలి. ఏదైనా ప్రోగ్రామ్ కాష్‌ను (అది తాత్కాలికంగా దాచుకునే ఫైళ్లను) కూడా శుభ్రపరచాలని అడిగేటప్పుడు, ఆ ఫైళ్లు ఏ ఫోల్డర్‌లో ఉంటాయో, వాటిని తొలగించాక ఆ ప్రోగ్రామ్ సక్రమంగా తెరుచుకుందో లేదో, సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు నిలిచాయో లేదో స్పష్టంగా రాయండి. "ఇంకా బాగుండాలి" అన్న కోరిక, నా దృష్టిలో, ఎవరికీ పనికిరాదు. ఎక్స్‌ఎంఎల్ (ట్యాగులతో సమాచారం రాసే పద్ధతి) కొద్దిగా తెలిసినవారు, దానిపై ఆధారపడిన బ్లీచ్‌బిట్ భాష క్లీనర్‌ఎంఎల్‌లో తామే క్లీనర్ (ఏ ఫైళ్లను తొలగించాలో చెప్పే ఫైల్) రాసి, ప్రివ్యూలో ఫైళ్ల జాబితాను పరిశీలించి పంపవచ్చు.