చచ్చిన గొర్రె మీద చెయ్యి వేసే ముందు

మేతకెళ్లిన గొర్రె ఉన్నట్టుండి పడి చచ్చిందా? ముక్కు, నోటి నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతోందా? ఆంత్రాక్స్, అదే మన దొమ్మ రోగం, అని అనుమానించాల్సిందే.

- కత్తి పెట్టొద్దు, తోలు మీద ఆశ వదిలేయండి. కోస్తే గాలి తగిలి బ్యాక్టీరియా సిద్ధబీజాలుగా, అంటే గట్టి పొర కప్పుకున్న గింజల్లాంటి రూపంలోకి, మారుతుంది. అవి మట్టిలో దశాబ్దాలు బతుకుతాయి.
- మాంసం పంచుకోవద్దు. ఉడికిస్తే ఏం కాదంటారు గానీ, రోగం ముందు కోసేవాళ్ల చేతికే అంటుకుంటుంది. విశాఖ మన్యంలో ఇలాంటి కేసులొచ్చాయి.
- కుక్కల్ని తరమండి. పశువైద్యుడికి ఫోన్ చేయండి.
- చేతికి గాయముంటే దూరంగా ఉండండి. గ్లౌజులు వేసుకునే పూడ్చాలి: ఆరడుగుల గొయ్యి, కిందా పైనా సున్నం.
- మందను ఆ బీడు నుంచి మళ్లించండి.
- తర్వాత చర్మం మీద నొప్పిలేని పుండు, మధ్యలో నల్లటి పెచ్చు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. డాక్టరుకు గొర్రె సంగతి కూడా చెప్పండి.